తిరిగే సీసీ కెమెరాను డీవీఆర్, ఎన్‌వీఆర్‌లకు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

"బొమ్మ వస్తోంది గానీ కెమెరా తిరగట్లేదు." పీటీజెడ్ (పక్కలకు, పైకీ కిందకీ తిరిగి జూమ్ చేసే) కెమెరా బిగించినవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే మాట ఇదే. మామూలు కెమెరా నుంచి బొమ్మ వచ్చి, దానికి కరెంటు వెళ్తే చాలు. తిరిగే కెమెరాకు వీటితో పాటు ఆదేశం కూడా వెళ్లాలి. ఈ మూడూ సాధారణంగా వేర్వేరు దారుల్లో నడుస్తాయి, వేర్వేరుగా చెడిపోతాయి. ఏ దారి తెగిందో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలను పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## కొనే ముందు

మా దగ్గర పాత డీవీఆర్ ఉంది. ఏ తిరిగే కెమెరా తెచ్చినా దానికి పనిచేస్తుందా?

చేయదు. ముందు డీవీఆర్ (కెమెరా బొమ్మను రికార్డు చేసే పెట్టె) వెనక వైపు చూడండి. కెమెరాల కోసం గుండ్రటి బీఎన్‌సీ సాకెట్లు ఉంటే అది అనలాగ్ డీవీఆర్. దానికి అనలాగ్ పీటీజెడ్ కావాలి. అందులోనూ పాత సీవీబీఎస్, తర్వాత వచ్చిన ఏహెచ్‌డీ, టీవీఐ, సీవీఐ అని నాలుగు రకాలున్నాయి. ఎక్స్‌వీఆర్ పేరుతో అమ్మే కొత్త డీవీఆర్లు చాలావరకు నాలుగింటినీ తీసుకుంటాయి. పాతవి ఒకటో రెండో మాత్రమే తీసుకుంటాయి. మెగాపిక్సెల్ కూడా సరిచూసుకోండి. 2 మెగాపిక్సెల్ వరకే చూపించగల డీవీఆర్‌కు 5 మెగాపిక్సెల్ కెమెరా పెడితే "నో వీడియో" అని వస్తుంది. కెమెరా పాడైందనుకుని తిరిగి ఇచ్చేసినవాళ్లున్నారు. కెమెరా మెనూలో రిజల్యూషన్ తగ్గిస్తే కొన్నిసార్లు సరిపోతుంది.

లాన్ వైరుతో పనిచేసే ఐపీ కెమెరాకు ఎన్‌వీఆర్, అంటే నెట్‌వర్క్ ద్వారా బొమ్మ తీసుకునే రికార్డర్, కావాలి. కొన్ని ఎక్స్‌వీఆర్లు ఒకటి రెండు ఐపీ ఛానెళ్లను కూడా తీసుకుంటాయి. ఆ సంగతి మోడల్ వివరాల్లో రాసి ఉంటుంది.

వేరే కంపెనీ ఎన్‌వీఆర్‌కు కలిపితే తిరుగుతుందా?

రెండూ ఆన్‌విఫ్ ప్రమాణం పాటిస్తే తిరుగుతుంది. యాక్సిస్, బాష్, సోనీ కంపెనీలు 2008లో మొదలుపెట్టిన ఉమ్మడి ప్రమాణం ఇది. ఇందులో ప్రొఫైల్ ఎస్, ప్రొఫైల్ టీ మన పనికి సంబంధించినవి. బొమ్మ చూడటం, నాలుగు వైపులా తిప్పడం, జూమ్, ప్రీసెట్లు (ముందే దాచుకున్న చూపు స్థానాలు) మామూలుగా ఆన్‌విఫ్ ద్వారా అందుతాయి. మనిషి వెంట తనంతట తాను తిరిగే ఆటో ట్రాకింగ్, కెమెరా లైటు, వైపర్ వంటి కంపెనీ సొంత సదుపాయాలు మాత్రం చాలాసార్లు అందవు. వాటి కోసం కెమెరా వెబ్ పేజీనో, ఆ కంపెనీ యాప్‌నో తెరవాల్సిందే. ఆటో ట్రాకింగ్ కోసమే డబ్బు పెడుతున్నారంటే కెమెరా, ఎన్‌వీఆర్ ఒకే కంపెనీవి తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

రెండు మూడు వేల రూపాయల వైఫై రోబో కెమెరాను ఎన్‌వీఆర్‌కు కలపొచ్చా?

కొన్నిటిని కలపొచ్చు. ఆన్‌విఫ్ గానీ ఆర్‌టీఎస్‌పీ (నెట్‌వర్క్‌లో బొమ్మ పంపే పద్ధతి) గానీ ఉందో లేదో పెట్టె మీద చూడండి. ఉదాహరణకు, టీపీ-లింక్ కంపెనీ టాపో కెమెరాల్లో కరెంటుతో నడిచే చాలా మోడళ్లకు ఇవి ఉన్నాయి. యాప్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి "కెమెరా అకౌంట్" పేరిట విడిగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టాలి. యాప్‌లోకి వెళ్లే ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇక్కడ చెల్లవు. ఎన్‌వీఆర్‌లో ఆన్‌విఫ్ పోర్టు 80 అని ఉన్నచోట 2020 అని మార్చాలి. చాలామంది ఆగిపోయేది ఈ రెండు చోట్లే. బ్యాటరీతో నడిచే కెమెరాలు మాత్రం చార్జింగ్ ఆదా కోసం నిద్రలోకి వెళ్తుంటాయి కాబట్టి చాలావరకు వాటిని ఎన్‌వీఆర్‌కు కలపలేం.

పొలంలో సిమ్‌తో నడిచే సోలార్ కెమెరా ఉంది. ఇంట్లో ఎన్‌వీఆర్‌లో రికార్డు చేయొచ్చా?

నేరుగా కుదరదు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే బయటి ఐపీ చిరునామాను ఎంతోమంది పంచుకుంటారు. అందువల్ల ఇంట్లో ఉన్న ఎన్‌వీఆర్ బయటి నుంచి ఆ కెమెరాను చేరుకోలేదు. ఫోన్ యాప్‌లో కనిపిస్తోందంటే కెమెరా తనంతట తాను కంపెనీ సర్వర్‌కు కలిసింది కాబట్టే. పొలానికి కెమెరాలోనే మెమరీ కార్డు పెట్టడం సులువైన దారి. ఎన్‌వీఆర్ కచ్చితంగా కావాలంటే మోటారు షెడ్డులోనే పెట్టి, 4జీ రూటర్‌తో ఫోన్‌లో చూసుకోవచ్చు. అక్కడ కరెంటు నిలకడగా ఉండాలి.

ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ నాణ్యతా పరీక్షల సంస్థ) సర్టిఫికెట్ ఉన్న కెమెరానే కొనాలంటున్నారు. నిజమేనా?

నిజమే. సీసీ కెమెరాల భద్రతకు కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. కొత్తగా కొనేటప్పుడు మోడల్ నంబరు చెప్పి సర్టిఫికెట్ అడగండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న కెమెరా పీకేయాల్సిన పని లేదు.

## వైర్లు లాగేటప్పుడు

అనలాగ్ పీటీజెడ్‌కు ఎన్ని వైర్లు లాగాలి?

బొమ్మకు కోయాక్సియల్ కేబుల్, కరెంటుకు రెండు వైర్లు, ఆదేశాలకు ఆర్‌ఎస్-485 అనే రెండు వైర్ల జత. మామూలు కెమెరాలకు వాడే 3+1 కేబుల్‌లో (ఒక కోయాక్సియల్, మూడు సన్నటి వైర్లు) మిగిలిన సన్నటి వైర్లను 485కు వాడేస్తుంటారు. దగ్గరి దూరానికి నడుస్తుంది. దూరం పెరిగితే మెలి తిప్పిన జత ఉండాలి, లేకపోతే పక్కనున్న కరెంటు వైర్ల అలజడి ఆదేశాలను పాడుచేస్తుంది. క్యాట్6 కేబుల్‌లో ఒక జత తీసుకుంటే సరిపోతుంది. రెండు వైర్లూ ఒకే జతలోవి కావాలి: నీలం వాడితే దాని తోడు తెలుపు-నీలం. ఒక్కో జత నుంచి ఒక్కో వైరు తీస్తే ఆ మెలిక వల్ల కలిగే లాభం పోతుంది.

485 వైర్లు తారుమారైతే కెమెరా కాలిపోతుందా?

కాలిపోదు, తిరగదంతే. ఒక పెట్టె మీద ఏ, బి అని, ఇంకో పెట్టె మీద ప్లస్, మైనస్ అని రాసి ఉంటాయి. మామూలుగా ఏ అంటే ప్లస్, బి అంటే మైనస్. కొందరు తయారీదారులు తిరగేసి రాస్తారు. అందుకే తిరగకపోతే ముందుగా ఆ రెండు వైర్లను అటూ ఇటూ మార్చి చూడండి. కరెంటు వైరు పొరపాటున 485 స్క్రూలకు తగిలితే మాత్రం లోపలి చిప్ పోతుంది. పాత డోమ్ కెమెరాలకు వచ్చే 24 వోల్టుల ఏసీతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వైర్లు బిగించేటప్పుడు కరెంటు తీసేయండి.

ఒకే డీవీఆర్‌కు నాలుగు పీటీజెడ్‌లు కలపాలి. నాలుగు జతలనూ డీవీఆర్ దగ్గరే మెలిపెట్టి కలపొచ్చా?

వద్దు. డీవీఆర్ నుంచి మొదటి కెమెరాకు, దాని నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి, ఇలా గొలుసులా వెళ్లాలి. గొలుసు చివర ఉన్న కెమెరా దగ్గర రెండు వైర్ల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. చాలా కెమెరాల్లో దానికోసం లోపలే చిన్న స్విచ్ ఉంటుంది, చివరిదానిలో మాత్రమే ఆన్ చేయండి. పద్ధతిగా లాగితే 485 సుమారు 1200 మీటర్ల వరకు, 32 పరికరాల వరకు పనిచేస్తుంది. అన్ని వైర్లనూ ఒకే చోట నక్షత్రంలా కలిపితే సంకేతం వెనక్కి తగిలి, ఒక కెమెరా తిరగడం, ఇంకోటి మొరాయించడం మొదలవుతుంది. బిల్డింగ్ తీరు వల్ల నక్షత్రం తప్పదంటే 485 డిస్ట్రిబ్యూటర్ వాడండి.

పగలంతా బాగుంటుంది, రాత్రి కాగానే కెమెరా ఆగి ఆగి రీస్టార్ట్ అవుతోంది. ఎందుకు?

కరెంటు చాలక. చీకటి పడగానే, రాత్రి చూడటానికి ఉన్న ఐఆర్ లైట్లు వెలుగుతాయి. దానికితోడు మోటారు తిరిగితే కెమెరా లాగే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. వైరు సన్నగా ఉంటే వోల్టేజి దారిలోనే పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకునే కెమెరా 60 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి వైరు పొడవు 120 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే దాదాపు 2.75 వోల్టులు దారిలోనే పోతాయి, కెమెరాకు అందేది 9.25. అది చాలదు. 2.5 వైరైతే పోయేది సుమారు 1.65 వోల్టులు. 3+1 కేబుల్‌లో ఉండే సన్నటి వైర్లు ఈ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రావు. పైగా చౌక కేబుళ్లలో రాగి పూత వేసిన అల్యూమినియం ఉంటుంది, నష్టం ఇంకా ఎక్కువ.

కాబట్టి ఎస్‌ఎమ్‌పీఎస్‌ను (కరెంటును 12 వోల్టులకు మార్చే పెట్టెను) డీవీఆర్ గదిలో కాకుండా కెమెరా స్తంభం దగ్గరే, వాన పడని పెట్టెలో పెట్టండి. వోల్టేజిని మల్టీమీటర్‌తో కెమెరా చివరనే, రాత్రిపూట, కెమెరాను తిప్పుతూ కొలవండి. పగలు కొలిస్తే అంతా సరిగ్గానే కనిపించి మోసపోతాం.

ఐపీ పీటీజెడ్‌ను పీవోఈ స్విచ్‌కు పెట్టాను. లైటు వెలుగుతోంది, తిప్పగానే ఆగిపోతోంది.

స్విచ్ వాట్లు చాలట్లేదు. పీవోఈలో, అంటే లాన్ వైరులోనే కరెంటు పంపే పద్ధతిలో, మెట్లున్నాయి. 802.3ఏఎఫ్ అయితే పోర్టుకు 15.4 వాట్లు, ఏటీ అయితే 30, బీటీ అయితే రకాన్ని బట్టి 60 లేదా 90. వైరులో పోయేది తీసేస్తే ఏఎఫ్ నుంచి కెమెరాకు నికరంగా అందేది 12.95 వాట్లు, ఏటీ నుంచి 25.5. మామూలు బుల్లెట్ కెమెరాలకు ఏఎఫ్ చాలు. ఐఆర్ లైట్లున్న పీటీజెడ్‌కు చాలావరకు ఏటీ కావాలి, పెద్ద స్పీడ్ డోమ్‌లకు అదీ చాలదు. స్విచ్ మొత్తం వాట్లు కూడా చూడండి: ఎనిమిది పోర్టులున్నంత మాత్రాన ఎనిమిదింటికీ ఒకేసారి 30 వాట్లు ఇస్తుందని కాదు. కెమెరాతో వచ్చిన ఇంజెక్టర్ ఉంటే దాన్నే వాడండి.

లాన్ వైరు 100 మీటర్లు దాటితే?

మధ్యలో పీవోఈ ఎక్స్‌టెండర్ గానీ స్విచ్ గానీ పెట్టాలి. రెండు మూడు వందల మీటర్లయితే ఫైబర్ లాగి, కెమెరా దగ్గర మీడియా కన్వర్టర్ పెట్టి, కరెంటు అక్కడే ఇవ్వడం మంచిది. ఫైబర్ గుండా పిడుగుపాటు ప్రవహించదు, ఊరి సెంటర్లో స్తంభం మీద పెట్టే కెమెరాకు అది పెద్ద రక్షణ.

పిడుగులకు ఏటా కెమెరా పోతోంది. ఏం చేయాలి?

పీటీజెడ్ ఎత్తుగా ఉంటుంది, దానికి పోయే ప్రతి రాగి వైరూ పిడుగుకు దారే. బొమ్మ, 485, కరెంటు మూడింటికీ సర్జ్ ప్రొటెక్టర్లు కావాలి. ఒకదానికి పెట్టి రెండు వదిలేస్తే లాభం లేదు. స్తంభానికి సరైన ఎర్తింగ్ లేకపోతే ప్రొటెక్టర్ పెట్టినా వృథా.

## రికార్డర్‌లో చేర్చేటప్పుడు

ఎన్‌వీఆర్‌లో వెతికితే కెమెరా దొరకట్లేదు.

రెండూ ఒకే నెట్‌వర్క్ వరుసలో లేవేమో చూడండి. హైక్‌విజన్ కెమెరాలు చాలావరకు 192.168.1.64 తోనూ, దహువావి 192.168.1.108 తోనూ వస్తాయి. మీ రూటర్ 192.168.0 వరుసలో నడుస్తుంటే అవి ఒకదానికొకటి కనిపించవు. ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చే వెతికే సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో వేసి, కెమెరాకు పాస్‌వర్డ్ పెట్టి యాక్టివేట్ చేసి, మీ వరుసలో ఖాళీగా ఉన్న చిరునామా ఇవ్వండి. ఒకే కంపెనీవి రెండు కొత్త కెమెరాలు ఒకేసారి పెడితే రెండింటికీ ఒకే చిరునామా ఉంటుంది, అందుకే ఒక్కొక్కటిగా కలపండి.

ఎన్‌వీఆర్ వెనకున్న పీవోఈ పోర్టులకు వరుస వేరే ఉంటుంది. హైక్‌విజన్‌లో అది సాధారణంగా 192.168.254, దహువాలో 10.1.1. అదే కంపెనీ కొత్త కెమెరా అయితే ఆ పోర్టులో పెట్టగానే తనంతట తాను కలుస్తుంది. ముందే పాస్‌వర్డ్, చిరునామా మార్చిన కెమెరా అయితే ఆ ఛానెల్‌ను మాన్యువల్‌కు మార్చి వివరాలు మీరే ఇవ్వాలి.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా తప్పు అంటోంది.

మూడు కారణాలు ఉండొచ్చు. హైక్‌విజన్ కొత్త కెమెరాల్లో ఆన్‌విఫ్ ఆపేసి ఉంటుంది. కెమెరా వెబ్ పేజీలో నెట్‌వర్క్, అడ్వాన్స్‌డ్, ఇంటిగ్రేషన్ ప్రోటోకాల్ వరకు వెళ్లి దాన్ని ఆన్ చేసి, ఆన్‌విఫ్ కోసం వేరే యూజర్‌ను పెట్టాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ దీనికి చెల్లదు. రెండోది గడియారం. ఆన్‌విఫ్ పాస్‌వర్డ్ తనిఖీలో సమయం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి కెమెరా 1970లోనూ ఎన్‌వీఆర్ ఈ ఏడాదిలోనూ ఉంటే సరైన పాస్‌వర్డ్‌ను కూడా తిప్పికొడుతుంది. రెండింటికీ భారత కాలమానం, అంటే 5:30, పెట్టి సమయం కలపండి. మూడోది, పదే పదే ప్రయత్నించడం వల్ల కెమెరా కాసేపు తలుపు మూసేసి ఉండొచ్చు. ఒక అరగంట వదిలేసి మళ్లీ చూడండి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కెమెరా ఎన్‌వీఆర్‌లోంచి మాయమవుతోంది.

రూటర్ ప్రతిసారీ కొత్త చిరునామా ఇస్తోంది, ఎన్‌వీఆర్ పాతదాని కోసం చూస్తోంది. కెమెరాలో డీహెచ్‌సీపీ (చిరునామాను రూటర్ నుంచి తనంతట తానే తీసుకునే పద్ధతి) ఆపి స్థిరమైన చిరునామా ఇవ్వండి, లేదా రూటర్‌లోనే దానికి ఒక చిరునామా కేటాయించండి.

కెమెరా చేరింది, ఆన్‌లైన్ అంటోంది, బొమ్మ మాత్రం నల్లగా ఉంది.

పాత ఎన్‌వీఆర్‌కు హెచ్.265 (వీడియోను కుదించే కొత్త పద్ధతి) అర్థం కాకపోవచ్చు. కెమెరా వెబ్ పేజీలో వీడియోను హెచ్.264కు మార్చండి. ఎన్‌వీఆర్ బ్యాండ్‌విడ్త్ చాలదని చూపిస్తే బిట్‌రేట్ తగ్గించండి.

## తిప్పేటప్పుడు

అనలాగ్ కెమెరా: బొమ్మ బాగుంది, బాణం నొక్కితే కదలట్లేదు.

బొమ్మ వస్తోందంటే కోయాక్సియల్ బాగున్నట్టు, అంతే. ఆదేశాల దారి గురించి అది ఏమీ చెప్పదు. ముందుగా కరెంటు తీసి ఇవ్వండి. ఆన్ అవుతూనే కెమెరా తనను తాను పరీక్షించుకుంటూ ఒక చుట్టు తిరగాలి. అలా తిరిగితే మోటార్లు మంచివే, లోపం ఆదేశంలోనే ఉంది.

తర్వాత డీవీఆర్‌లో ఆ ఛానెల్‌కు సంబంధించిన పీటీజెడ్ సెట్టింగ్ తెరవండి. ప్రోటోకాల్ (ఆదేశాల భాష), బాడ్ రేటు (ఆదేశాలు వెళ్లే వేగం), చిరునామా (కెమెరా నంబరు) మూడూ కెమెరాలో ఉన్నట్టే ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా కెమెరా కదలదు, తప్పు అని కూడా చెప్పదు. ఎక్కువగా వాడే ప్రోటోకాల్ పెల్కో-డీ, తర్వాత పెల్కో-పీ. బాడ్ రేటు 2400, 4800, 9600లో ఏదో ఒకటి. ఆన్ అయ్యేటప్పుడు చాలా కెమెరాలు ఈ వివరాలను తెర మీద చూపిస్తాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

చిరునామాను కొన్ని కెమెరాల్లో చిన్న డిప్ స్విచ్‌లతో పెడతారు. మొదటి స్విచ్ విలువ 1, రెండోది 2, మూడోది 4, నాలుగోది 8. చిరునామా 5 కావాలంటే మొదటిది, మూడోది ఆన్ చేయాలి. పెల్కో-పీలో ఇంకో చిక్కుంది. అందులో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి కొన్ని పరికరాల జతల్లో చిరునామా ఒకటి అటూ ఇటూ అవుతుంది. 1 పనిచేయకపోతే 0, 2 కూడా ప్రయత్నించండి. వీలైతే పెల్కో-డీకే మారిపోండి, ఈ గొడవ ఉండదు.

మా డీవీఆర్‌కు 485 స్క్రూలే లేవు. తిప్పడం ఎలా?

బొమ్మ వచ్చే కోయాక్సియల్ మీదే ఆదేశం పంపవచ్చు, కెమెరా, డీవీఆర్ రెండూ దాన్ని అంగీకరిస్తే. పీటీజెడ్ సెట్టింగ్‌లో కంట్రోల్ మోడ్‌ను 485 నుంచి కోయాక్సియల్‌కు గానీ యూటీసీకి (అదే పద్ధతికి ఇంకో పేరు) గానీ మార్చి, కెమెరా రకానికి తగిన ప్రోటోకాల్ ఎంచుకోండి. మధ్యలో వీడియో యాంప్లిఫయర్, స్ప్లిట్టర్ వంటివి ఉంటే బొమ్మ ఇటు వస్తుంది గానీ ఆదేశం అటు పోదు. వాటిని తీసి చూడండి.

ఐపీ కెమెరా: బొమ్మ వస్తోంది, తిరగట్లేదు.

దాన్ని ఆర్‌టీఎస్‌పీ ద్వారా చేర్చి ఉంటారు. ఆర్‌టీఎస్‌పీ బొమ్మను తెచ్చేదే, తిప్పే మాట మోయదు. ఛానెల్ తీసేసి ఆన్‌విఫ్ ద్వారానో, కంపెనీ సొంత ప్రోటోకాల్ ద్వారానో మళ్లీ చేర్చండి. అప్పటికీ తిరగకపోతే ఇచ్చిన యూజర్ హక్కులు చూడండి. "మీడియా యూజర్" చూడగలడు, తిప్పలేడు. ఆపరేటర్ గానీ అడ్మినిస్ట్రేటర్ గానీ కావాలి.

ఒకసారి నొక్కితే ఆగకుండా తిరుగుతూనే ఉంటోంది.

"తిరుగు", "ఆగు" రెండూ వేర్వేరు ఆదేశాలు. వేలు తీయగానే వెళ్లాల్సిన "ఆగు" దారిలో పోయింది. 485లో అయితే చివరి 120 ఓమ్‌ల రెసిస్టర్, వదులు స్క్రూలు, కరెంటు వైరు పక్కనే పోతున్న జత ఈ మూడూ చూడండి. వైఫైలో అయితే సిగ్నల్ బలహీనంగా ఉంది.

ఫోన్‌లో తిప్పితే బొమ్మ ఆలస్యంగా కదులుతోంది, ఎప్పుడూ దాటిపోతున్నాను.

తిప్పేటప్పుడు సబ్‌స్ట్రీమ్‌లో (తక్కువ నాణ్యత బొమ్మలో) చూడండి, వేగం తగ్గించండి. వేలు నొక్కి పట్టుకోకుండా కొద్దికొద్దిగా తాకండి. అంతకన్నా మంచిది, తరచూ చూసే చోట్లను ప్రీసెట్లుగా దాచుకోవడం. గేటు 1, గల్లా 2, పార్కింగ్ 3 అని పెట్టుకుంటే తిప్పాల్సిన పనే ఉండదు.

ప్రీసెట్ 95 నొక్కితే కెమెరా మెనూ వచ్చింది. ఏమైంది?

ఏమీ కాలేదు. చాలా కెమెరాల్లో 95 మెనూకు కేటాయించిన నంబరు. దాని చుట్టుపక్కల మరికొన్ని నంబర్లు స్కాన్, రీస్టార్ట్ వంటి పనులకు ఉంటాయి. మీ సొంత ప్రీసెట్లను 1 నుంచి 30 లోపు పెట్టుకోండి. ఆ మెనూ నిజంగా అవసరమైనప్పుడు, నిచ్చెన ఎక్కకుండానే కెమెరా సెట్టింగులు మార్చడానికి ఉపయోగపడుతుంది.

## రికార్డింగు, రోజువారీ వాడకం

ఒక్క తిరిగే కెమెరా నాలుగు మామూలు కెమెరాల పని చేస్తుందా?

చేయదు. అమ్మేవాళ్లు చెప్పినా నమ్మకండి. కెమెరా గేటు వైపు చూస్తున్నప్పుడు వెనక గోడ దగ్గర జరిగింది ఎక్కడా రికార్డు కాదు, తర్వాత ఎంత వెతికినా దొరకదు. కన్ను తప్పకూడని చోట్లకు, అంటే గేటుకు, డబ్బు పెట్టెకు, మెట్లకు, మామూలు కెమెరాలు స్థిరంగా పెట్టండి. వాటి మధ్యనున్న ఖాళీ స్థలానికి, దూరంగా జూమ్ చేసి చూడటానికి పీటీజెడ్ పెట్టండి. ఒక్క పీటీజెడ్‌కు సరిపడా డబ్బే ఉంటే దానికన్నా రెండు మామూలు కెమెరాలు ఎక్కువ కాపాడతాయి.

ఎవరో ఆకాశం వైపు తిప్పి వదిలేశారు. రాత్రంతా అదే రికార్డయింది.

"పార్క్ యాక్షన్" ఆన్ చేయండి. ఎవరూ ముట్టుకోకుండా మీరు పెట్టినన్ని సెకన్లు గడిస్తే కెమెరా తనంతట తాను మీరు చెప్పిన ప్రీసెట్‌కు వచ్చేస్తుంది. తిప్పే హక్కును అందరి ఫోన్లకూ ఇవ్వకండి.

మోషన్ రికార్డింగ్ పెట్టాను, అయినా డిస్క్ త్వరగా నిండిపోతోంది.

కెమెరా గస్తీ తిరుగుతుంటే దానికి లోకమంతా కదులుతున్నట్టే ఉంటుంది. పీటీజెడ్‌కు నిరంతర రికార్డింగే పెట్టుకుని డిస్క్‌ను దానికి తగ్గట్టు కొనండి. 4 ఎంబీపీఎస్ వద్ద రోజుకు సుమారు 43 జీబీ, 30 రోజులకు 1.3 టీబీ అవుతుంది. బొమ్మ కదలని చోట ఆదా చేసే హెచ్.265 ప్లస్ వంటివి తిరుగుతున్న కెమెరాకు అంతగా కలిసిరావు, వాటిని నమ్మి చిన్న డిస్క్ కొనకండి. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, హోటళ్ల వంటి చోట్ల రికార్డింగ్‌ను 30 రోజులు దాచాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతోంది.

తిరిగేటప్పుడు పక్కింటి కిటికీ కనిపిస్తోంది. ఆ ఇంటివాళ్లు అభ్యంతరం చెప్పారు.

వాళ్లు అడిగింది న్యాయమే. రెండు పనులు చేయండి. కెమెరా మెనూలో తిరిగే హద్దులు పెట్టి ఆ వైపు పోకుండా ఆపండి. అది కుదరకపోతే ఆ కిటికీ మీద ప్రైవసీ మాస్క్ గీయండి. మంచి పీటీజెడ్‌లలో కెమెరా తిరిగినా, జూమ్ చేసినా మాస్క్ ఆ కిటికీనే అంటిపెట్టుకుని ఉంటుంది. మాస్క్‌ను ఎన్‌వీఆర్‌లో కాకుండా కెమెరాలోనే పెట్టండి, ఎన్‌వీఆర్‌లో గీసింది చాలాసార్లు తెర మీద ఒకేచోట ఉండిపోయి కెమెరా తిరగగానే కిటికీని వదిలేస్తుంది. పెట్టాక ఆ ఇంటివాళ్లను పిలిచి, జూమ్ చేసి తెర మీద చూపించండి.